అద్దెకు తెచ్చిన విచారణ: అబూ గ్రైబ్ ఇంటరాగేషన్ సేవపై ఒక సమీక్ష

ఈ సమీక్ష ఒక సేవ గురించి. కొన్నది అమెరికా సైన్యం. అమ్మింది వర్జీనియా రాష్ట్రానికి చెందిన సీఏసీఐ అనే ప్రైవేటు సంస్థ. అందించిన చోటు బాగ్దాద్‌కు పడమట సుమారు 32 కిలోమీటర్ల దూరాన ఉన్న అబూ గ్రైబ్ కారాగారం. ఇరాక్ యుద్ధంలో పట్టుబడి సైనిక నిర్బంధంలో ఉన్నవారిని ప్రశ్నించి సమాచారం రాబట్టే మనుషులను, అంటే ఇంటరాగేటర్లను, ఆ సంస్థ 2003లో సైన్యానికి అద్దెకు పంపింది. ఆ సేవను నేను కొనలేదు, దాని పాలబడనూ లేదు. అయితే కాంట్రాక్టు కాగితాలు, ఆడిట్ నివేదికలు చదివి లోపాలు పట్టడం చాలా ఏళ్లుగా నా పని కాబట్టి, అబూ గ్రైబ్ మీద వెలువడిన సైనిక దర్యాప్తు నివేదికలనూ, అమెరికన్ కాంగ్రెస్ తరఫు ఆడిటర్ల పరిశీలననూ, ఇరవై ఏళ్ల తరువాత నడిచిన సివిల్ కేసు వివరాలనూ ఆ కంటితోనే చదివాను. అక్కడ బందీలను హింసిస్తున్నప్పుడు తీసి, 2004లో బయటపడిన ఫొటోలు లోకమంతా చూసింది. ఆ ఫొటోలలోని నడవలకు వర్క్ ఆర్డర్లు, బిల్లులు, రేట్లు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు.

ముందుగా కొనుగోలు ఎలా జరిగిందో చూడాలి, ఎందుకంటే తరువాత జరిగిన అనర్థంలో సగం ఇక్కడే మొదలైంది. సైన్యం ఇంటరాగేటర్ల కోసం ప్రత్యేకంగా టెండరు పిలవలేదు. 1998లో ప్రీమియర్ టెక్నాలజీ గ్రూప్ అనే మరో సంస్థతో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ సేవల కోసం కుదుర్చుకున్న ఒక ముందస్తు కొనుగోలు ఒప్పందం అప్పటికే ఉంది. అవసరం పడినప్పుడల్లా కొత్తగా పోటీ పెట్టకుండా, ముందే ఖరారైన రేట్ల మీద ఆర్డరు ఇచ్చుకునే ఏర్పాటు అది. 2001లో ఆ ఒప్పందం నిర్వహణ సైన్యం చేతి నుంచి అంతర్గత వ్యవహారాల శాఖకు మారింది. పేరు చూసి అది పోలీసులనూ భద్రతనూ చూసే శాఖ అనుకోకూడదు. అమెరికాలో ఆ శాఖ చూసేది జాతీయ ఉద్యానవనాలు, ప్రభుత్వ భూములు, ఖనిజాలు, ఆదివాసీ తెగల వ్యవహారాలు. దానికి అరిజోనాలోని ఫోర్ట్ వాచూకా అనే సైనిక స్థావరంలో ఒక కాంట్రాక్టుల కార్యాలయం ఉండేది. ఇతర శాఖల కొనుగోళ్లను రుసుము తీసుకుని చేసిపెట్టడం దాని వృత్తి. 2003 మే నెలలో సీఏసీఐ ఆ పాత సంస్థను కొనేసింది, ఆస్తులతో పాటు ఆ ఒప్పందం కూడా దానికి దక్కింది. కంప్యూటర్ పనుల కోసం కుదిరిన ఆ ఒప్పందం కిందనే ఖైదీలను ప్రశ్నించే మనుషులకు ఆర్డరు వెళ్లింది.

ఆర్డర్లు మొత్తం 11, వాటి విలువ 6.6 కోట్ల డాలర్ల పైమాట. ఇందులో నేరుగా ఇంటరాగేషన్‌కు సంబంధించిన ఒక్క ఆర్డరు విలువే సుమారు 1.99 కోట్ల డాలర్లు. 2005 ఏప్రిల్‌లో కాంగ్రెస్ ఆడిటర్లు ఈ ఫైలు తెరచి చూసి, ఈ ఆర్డర్లలో పది అసలు ఒప్పందం పరిధిలోకి రావని, పోటీ నియమాలను పాటించలేదని, పర్యవేక్షణ సరిగా లేదని తేల్చారు. దానికన్నా నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం 2004 ఆగస్టు నాటి సైనిక దర్యాప్తులో ఉంది. మేజర్ జనరల్ జార్జ్ ఫే ఆధ్వర్యంలో జరిగిన ఆ దర్యాప్తు ప్రకారం, ఏ పని కావాలో వివరించే పత్రాన్ని తయారు చేయడంలో సంస్థ ఉద్యోగి ఒకరు పాలుపంచుకున్నారు. ఏం కొనాలో కొనేవాడికి అమ్మేవాడే రాసిచ్చాడన్న మాట. వంతెనలకూ రోడ్లకూ సంబంధించిన కాంట్రాక్టులో ఇలాంటిది కనబడితే ఏ ఆడిటరైనా అక్కడే ఎర్ర సిరాతో గీత గీస్తాడు.

సైన్యం తన విధానాన్ని తానే మరచిపోవడం ఇంకో సంగతి. క్షేత్రస్థాయి గూఢచార సేకరణ ప్రభుత్వం మాత్రమే చేయవలసిన పని అనీ, దాన్ని ప్రైవేటు వారికి అప్పగించకూడదనీ 2000 డిసెంబరులోనే సైన్యం తరఫున ఒక మెమో వెలువడింది. మూడేళ్లు తిరగకుండానే ఆ పనికే మనుషులను బయటి నుంచి తెచ్చుకున్నారు. కారణం కూడా కాగితాల మీదే ఉంది: శిక్షణ పొందిన ఇంటరాగేటర్లు సైన్యం దగ్గర చాలినంత మంది లేరు, ఇరాక్‌లో తిరుగుబాటు రోజురోజుకూ ముదురుతోంది, సమాచారం కావాలంటూ పైనుంచి ఒత్తిడి వస్తోంది. కొరత నిజమే, తొందర కూడా నిజమే. తొందరలో కొన్న వస్తువు నాణ్యతను పరీక్షించకపోవడం మాత్రం కొనుగోలుదారు తప్పే అవుతుంది.

ఆ నాణ్యత ఎంతటిదో చెప్పే అంకె ఒకటుంది. 2004 జూలైలో వెలువడిన సైనిక ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ప్రకారం, కాంట్రాక్టు ఇంటరాగేటర్లలో 35 శాతం మందికి సైనిక ఇంటరాగేషన్ విధానాల్లో, పద్ధతుల్లో లాంఛనమైన శిక్షణ లేదు. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా. జెనీవా ఒప్పందాలు ఏం అనుమతిస్తాయో, ఎక్కడ గీత దాటితే నేరమవుతుందో, ఆకలితో నిద్రలేమితో ఉన్న మనిషి చెప్పేదానికి ఏమాత్రం విలువ ఉంటుందో నేర్పేది ఆ శిక్షణే. మిగిలినవారిలో అనుభవజ్ఞులు, పూర్వ సైనికులు ఉన్నారని ఒప్పుకోవాలి. కాని ఒక సేవలో మూడో వంతు మందికి పని నియమాలే తెలియనప్పుడు తక్కినవారి అనుభవాన్ని చూపించి ఆ సేవకు మార్కులు వేయడం నాకు సాధ్యం కాలేదు.

ఇక సేవ అందిన చోటు. సద్దాం హుసేన్ కాలంలోనే హింసలకూ ఉరిశిక్షలకూ పేరుపడిన ఆ జైలును అమెరికా సైన్యం మరమ్మతు చేసి తిరిగి తెరిచింది. ఆ ఎంపికే ఒక వింత అనిపిస్తుంది. 2003 అక్టోబరులో అక్కడ బందీల సంఖ్య 7,000 వరకు చేరితే, కాపలాకు ఉన్న మిలిటరీ పోలీసు బ్రిగేడు సిబ్బంది దాదాపు 90 మంది మాత్రమేనని మాజీ రక్షణ మంత్రి జేమ్స్ ష్లెసింజర్ నాయకత్వంలోని కమిటీ లెక్క చెప్పింది. జైలు మీద బయటి నుంచి మోర్టారు గుళ్లు పడుతుండేవి. ఆ బందీలు ఎవరన్న ప్రశ్నకు జవాబు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2004 ఫిబ్రవరి నివేదికలో దొరుకుతుంది: ఇరాక్‌లో పట్టుకొచ్చినవారిలో 70 నుంచి 90 శాతం మంది పొరపాటున అరెస్టయినవారేనని సంకీర్ణ సేనల సైనిక గూఢచార అధికారులే ఆ కమిటీ ప్రతినిధులతో అన్నారు. ఇళ్ల మీద దాడుల్లో, చెక్‌పోస్టుల దగ్గర, పక్కింటివాడి చాడీ మీద దొరికినవారు వీరు. చెప్పడానికి ఏమీ లేని మనిషి నుంచి ఏదో ఒకటి చెప్పించాలని పట్టుబట్టే యంత్రాన్ని ఊహించుకుంటే, ఆ శీతకాలంలో అక్కడ ఏం జరిగి ఉంటుందో సగం అర్థమవుతుంది.

మిగతా సగం మేజర్ జనరల్ ఆంటోనియో టగూబా 2004లో సమర్పించిన నివేదికలో ఉంది. 2003 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు జరిగిన దుర్మార్గాలను ఆయన ఏకరువు పెట్టారు. బందీలను రోజుల తరబడి నగ్నంగా ఉంచడం, నగ్నంగా కుప్పగా పేర్చి ఫొటోలు తీయడం, చీపురు కర్రతోనూ కుర్చీతోనూ కొట్టడం, ఒంటిమీద చన్నీళ్లు పోయడం, సైనిక కుక్కలతో బెదిరించడం, ఒక సందర్భంలో కరిపించడం, అత్యాచారం చేస్తామని భయపెట్టడం, తలకు సంచీ తొడిగి పెట్టె మీద నిలబెట్టి వేళ్లకు తీగలు కట్టి విద్యుత్తు పెడతామని బెదిరించడం అందులో కొన్ని. ఇవి కాపలాదారుల వికృత వినోదం మాత్రమేనన్న వాదనను ఆయన నివేదిక నిలవనివ్వలేదు. ప్రశ్నించడానికి అనువుగా బందీల శరీరాన్నీ మనసునూ ముందే సిద్ధం చేయమని సైనిక గూఢచార విభాగం వారూ, ఇతర సంస్థల ఇంటరాగేటర్లూ కాపలాదారులను అడిగారని ఆయన రాశారు. అబూ గ్రైబ్ దురాగతాలకు నేరుగా గాని పరోక్షంగా గాని బాధ్యులని ఆయన అనుమానించిన వారిలో కాంట్రాక్టు సిబ్బంది కూడా ఉన్నారు. ‘మెత్తబరచండి’ అన్న మాట ఆ నడవల్లో మామూలైపోయిందని తరువాత సాక్షులు కోర్టులో చెప్పారు. సంస్థ మాత్రం మొదటి నుంచీ ఇవన్నీ ఖండిస్తూనే వచ్చింది: తమ సొంత విచారణలో తమ ఉద్యోగులకు ఆ ఘోరాలతో సంబంధం కనబడలేదనీ, ఫొటోల్లో తమవారు లేరనీ, పనిని నడిపించింది సైన్యమే గాని తాము కాదనీ దాని వాదన.

ఈ చివరి వాదన దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సేవగా దీని అసలు లోపం అక్కడే బయటపడుతుంది. ఎవరు ఎవరికి పని చెప్పాలి? ఫే నివేదికలో సాక్షులు ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి పొసగవు. కాంట్రాక్టు ఉద్యోగులను సైనికులు నడిపించారని కొందరన్నారు, సైనికులనే కాంట్రాక్టు ఉద్యోగులు నడిపించారని కొందరన్నారు. కాంట్రాక్టు అమలును గమనించవలసిన అధికారుల పర్యవేక్షణ అక్కడ చెప్పుకోదగినంతగా లేదని ఆ నివేదిక తేల్చింది. సంతకం చేసిన కార్యాలయం అరిజోనాలో, డబ్బు పెట్టిన శాఖ వాషింగ్టన్‌లో, మనుషులను పంపిన సంస్థ వర్జీనియాలో, పని జరిగిన గది బాగ్దాద్ శివార్లలో. రాత్రి పూట ఆ గదిలో ఒక సివిలియన్ ఒక సైనికుడికి ఏదో చేయమని చెబితే, అది ఆజ్ఞా, సలహానా, నేరమా అని తేల్చగలిగిన వారు ఆ నాలుగు చోట్లలో ఎక్కడా లేరు. తిలా పాపం తలా పిడికెడు అని మనం తరచూ అంటుంటాం. ఇక్కడ పాపాన్ని పంచడానికి వీలయ్యే రీతిలో ఒప్పందం ముందే అల్లుకుని ఉంది, కాబట్టే జవాబు చెప్పవలసిన రోజు వచ్చినప్పుడు ప్రతివారూ పక్కవారి వైపు చేయి చూపగలిగారు.

ఆ అల్లిక ఎంత దూరం పాకిందో చట్టం దగ్గర తెలుస్తుంది. విదేశాల్లో సైన్యంతో కలిసి పనిచేసే పౌరులు నేరం చేస్తే అమెరికా కోర్టులో విచారించేందుకు 2000లో ఒక చట్టం వచ్చింది. అది రక్షణ శాఖ ఉద్యోగులకూ, ఆ శాఖ కాంట్రాక్టర్లకూ వర్తిస్తుంది. అబూ గ్రైబ్‌లో ఉన్న ఈ ఇంటరాగేటర్ల ఒప్పందం మీద ఉన్నదేమో ఉద్యానవనాలు చూసుకునే శాఖ సంతకం! రక్షణ శాఖ కాంట్రాక్టర్లు అనే మాట వీరికి అతుకుతుందా లేదా అన్న చిక్కు వచ్చిపడింది. కాగితం పని సులభమవుతుందని ఎంచుకున్న దారి, ఆ దారిన వెళ్లినవారిని నేర చట్టం అంచుకు చేర్చిందన్న మాట. 2004 అక్టోబరులో కాంగ్రెస్ ఆ చట్టాన్ని సవరించి, ఏ శాఖ ద్వారా వచ్చినా సరే, రక్షణ శాఖ పనికి తోడ్పడే కాంట్రాక్టర్లందరినీ దాని కిందికి తెచ్చింది. అప్పటికి ఫొటోలు బయటపడి ఆరు నెలలు. అబూ గ్రైబ్ విషయంలో పదకొండు మంది సైనికులకు సైనిక కోర్టులు శిక్షలు వేశాయి, వాటిలో అత్యధికం పదేళ్లు. కాంట్రాక్టు ఇంటరాగేటర్లలో ఒక్కరి మీద కూడా క్రిమినల్ కేసు నడవలేదు. పైస్థాయి అధికారులకు దక్కినవి చాలా వరకు మందలింపులు, జరిమానాలు, ఒక బ్రిగేడియర్ జనరల్‌కు హోదా తగ్గింపు.

అమ్మకం తరువాతి సేవ గురించి కూడా ఒక సమీక్షలో రాయాలి కదా. ఇంత గొడవ జరిగాక కొనుగోలుదారు ఆ సరకును తిప్పి పంపాడా? లేదు. సంస్థను ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి నిషేధించాలా అని 2004లో పరిశీలించిన ప్రభుత్వ కొనుగోళ్ల విభాగం, ఆ అవసరం లేదని జూలైలో నిర్ణయించింది. మరుసటి నెలలోనే సైన్యం అదే సంస్థకు ఇరాక్‌లో ఇంటరాగేషన్ పనిని కొనసాగించేందుకు 2.3 కోట్ల డాలర్ల వరకు విలువ చేసే కొత్త కాంట్రాక్టును పోటీ లేకుండా ఇచ్చింది. ఫే నివేదిక కూడా ఆ నెలలోనే వెలువడింది. అసంతృప్తి చెందిన ఖాతాదారు చేసే పని ఇది కాదు. 2005లో ఆ కాంట్రాక్టు గడువు ముగిశాక సంస్థ ఇంటరాగేషన్ వ్యాపారం నుంచి తప్పుకుంది.

అదే జైలుకు దుబాసీలను సరఫరా చేసినది టైటాన్ అనే వేరే కంపెనీ. దాని మీద వేసిన కేసుల్లో ఒకటి వాషింగ్టన్ అప్పీలు కోర్టులో 2009లో వీగిపోయింది. యుద్ధరంగంలో సైన్యంలో కలిసిపోయి పనిచేసే కాంట్రాక్టర్ల మీద ఇలాంటి దావాలు చెల్లవన్నది మెజారిటీ తీర్పు. అయినా మరో కేసులో ఆ కంపెనీ వారసత్వ సంస్థ తరఫున 71 మంది మాజీ బందీలకు 52.8 లక్షల డాలర్లు చెల్లించేందుకు రాజీ కుదిరిన సంగతి 2013 జనవరిలో బయటకు వచ్చింది. సీఏసీఐ రాజీకి రాలేదు.

ఆ సంస్థ మీద దావా 2008లో దాఖలైంది. చివరిదాకా నిలిచిన వాదులు ముగ్గురు: ఒకరు పాఠశాల ప్రిన్సిపాల్, ఒకరు పండ్ల వ్యాపారి, ఒకరు పాత్రికేయుడు. ముగ్గురి మీదా ఎన్నడూ ఏ నేరమూ మోపలేదు. కింది కోర్టులో కొట్టివేత, అప్పీలులో పునరుద్ధరణ, మళ్లీ కొట్టివేత, మళ్లీ పునరుద్ధరణ. ఈ రాకపోకల్లోనే పదిహేనేళ్లు గడిచాయి. ఇది రాజకీయ ప్రశ్న కాబట్టి కోర్టులు తీర్పు చెప్పకూడదన్నది ఒక అభ్యంతరం, విదేశీయులు అమెరికా కోర్టుల్లో దావా వేసేందుకు వీలిచ్చే 1789 నాటి చట్టం విదేశంలో జరిగినదానికి వర్తించదన్నది ఇంకొకటి. మధ్యలో సంస్థ, తప్పంటూ ఉంటే అది ప్రభుత్వానిదేనంటూ అమెరికా ప్రభుత్వాన్నే కేసులోకి లాగింది. 2019లో జడ్జి లియోనీ బ్రింకెమా, హింస విషయంలో ప్రభుత్వం, తన అనుమతి లేకుండా తన మీద దావా చెల్లదనే సార్వభౌమ రక్షణను అడ్డు పెట్టుకోజాలదని సాహసంగానే తీర్పు చెప్పారు; అయితే కాంట్రాక్టు చెల్లింపుల గురించి గతంలో కుదిరిన రాజీలో సంస్థ తన హక్కులను వదులుకుంది కాబట్టి ప్రభుత్వం ఆ కేసు నుంచి బయటపడింది. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకరినొకరు చూపించుకుంటుంటే, చివరకు ఇద్దరి మధ్య ఉన్న పాత రసీదు ఒకరిని కాపాడింది.

2024 ఏప్రిల్‌లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో కేసు జ్యూరీ ముందుకు వచ్చింది. ఇంటరాగేటర్ల మీద అదుపు సైన్యానిదా, సంస్థదా అన్న పాత ప్రశ్నే జ్యూరీని చీల్చింది, విచారణ తీర్పు లేకుండా ముగిసింది. ఆ ఏడాదే మళ్లీ విచారణ జరిగింది, నవంబరు 12న కొత్త జ్యూరీ సంస్థను బాధ్యురాలిగా తేల్చింది. ఒక్కొక్క వాదికి 30 లక్షల డాలర్ల పరిహారం, దాని మీద 1.1 కోట్ల డాలర్ల దండన. ముగ్గురికీ కలిపి 4.2 కోట్ల డాలర్లు. ఇంటరాగేషన్ ఆర్డరు మొత్తం విలువకు ఇది రెట్టింపు పైచిలుకు. సంస్థ అప్పీలుకు వెళ్లింది.

ఈ సేవ మళ్లీ మార్కెట్లోకి రాకుండా ఏం చేశారన్నది క్లుప్తంగానే చెప్పగలను, ఎందుకంటే చేసింది తక్కువ. 2006లో సైన్యం ఇంటరాగేషన్ నియమావళిని తిరగరాసి నగ్నంగా ఉంచడాన్నీ, తలకు సంచీ తొడగడాన్నీ, కుక్కల వాడకాన్నీ పేరుపేరునా నిషేధించింది. 2010 రక్షణ బడ్జెట్ చట్టంలో, సైనిక నిర్బంధంలో ఉన్నవారిని కాంట్రాక్టు సిబ్బంది ప్రశ్నించకూడదని ఒక సెక్షన్ చేర్చారు. జాతీయ భద్రత పేరుతో రక్షణ మంత్రి కొంతకాలం దాన్ని పక్కన పెట్టే వెసులుబాటు కూడా అందులోనే ఉంచారు. వెసులుబాటు ఎవరికి ఎప్పుడు కావలసి వస్తుందో 2003 అనుభవం ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

నక్షత్రాలు ఇవ్వడం ఇక్కడ అసభ్యంగా ఉంటుంది, ఇవ్వను. కాని కొనుగోలుదారు సంతృప్తిని మాత్రమే లెక్కపెట్టే అలవాటు సేవల సమీక్షల్లో ఉంది కాబట్టి ఒక మాట. ఈ సేవకు డబ్బు చెల్లించినవారు 2004లోనే తమ అభిప్రాయం చెప్పారు, కొత్త కాంట్రాక్టు రూపంలో. దాన్ని ఒంటి మీద మోసినవారికి పరిహారం ఇస్తామని రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ 2004 మే 7న కాంగ్రెస్ ముందు చెప్పారు. అందుకోసం ప్రభుత్వం ఏ పథకాన్నీ ఏర్పరచలేదని 2023లో కూడా హ్యూమన్ రైట్స్ వాచ్ రాయవలసి వచ్చింది. ఆ జైలు నుంచి బతికి బయటపడినవారు వేసిన దావాలో వారి మాటను ఒక అమెరికన్ జ్యూరీ వినడం 2024 ఏప్రిల్‌లోనే మొదలు. పాత్రికేయుడు కోర్టు హాలుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. మిగిలిన ఇద్దరూ ఇరాక్ నుంచి వీడియో తెర మీద కనబడి, దుబాసీ సాయంతో, ఇరవై ఏళ్ల కిందటి గదుల గురించి లాయర్ల ప్రశ్నలకు జవాబులిచ్చారు.